స్పష్టముగా లేదు, మరల పంపుడు

మధ్యాహ్నమే మునిమాపును తలపించునట్లు శ్రావణమేఘములు దిక్కులన్నియు కప్పివేయగా ఎర్రనీటితో పొంగి గట్లనొరసి పరుగిడు గౌతమీనది లంకలలోని అరటితోటలను నేలగరపించి పశువులపాకలను పెళ్లగించుకొని పోవుచు భీకరముగ ఘోషించుచుండెను.

ఆ దినమున రాజమహేంద్రవరమున ఒక మేడగదిలో కళాశాలాధ్యాపకుడగు కామేశ్వరుడు కంప్యూటరు ముందర కొలువుదీరి యుండెను. వరదలో చిక్కినవారు వాట్సాపునందును ఫేసుబుక్కునందును పెట్టు మొరలను చదివి వారున్న తావులను పటముపై ఎర్రచుక్కలతో గుర్తించు స్వచ్ఛందబృందమునకు అతడే పెద్ద. చుక్క పడినచోటికే పడవ పోవును. ముందటి దినమున ఎవడో పంపిన పాతవరద ఫోటోను నమ్మి అతడు చుక్క పెట్టగా పడవ ఉత్తదిగా తిరిగివచ్చెను. బృందమువారు కడుపుబ్బ నవ్విరి. ఔరా, పండితుని యభిమానము! అది మొదలు స్పష్టమైన ఫోటో లేనిదే చుక్క లేదని అతడు శాసనము చేసెను.

పొద్దు గ్రుంకువేళ పెసరలంకనుండి నూకరత్నమను ఇల్లాలు వ్రాసెను.

"అయ్యా, పసిబిడ్డతోను మా అత్తతోను బడి డాబాపై నున్నాము. నీరు డాబా యంచు నంటుచున్నది. పడవ పంపుడు."

కామేశ్వరుడు ఫోటో యడిగెను. ఆమె పంపెను. మసకవెలుతురున తీసిన దానియందు నల్లని మరక తప్ప మరేమియు కానరాలేదు.

"స్పష్టముగా లేదు, మరల పంపుడు" అని అతడు బదులు వ్రాసెను.

రెండవదియు అట్లే యుండెను. ఫోనులో ఛార్జి అయిపోవుచున్నదని ఆమె మొరపెట్టుకొన్నను మరల మోసపోయి నలుగురిలో నవ్వులపాలగుదునేమో యను భయము అతని గుండెలో గూడుకట్టుకొని యుండుటచే ఆ మాటనే తిరిగి పంపెను. అటుపిమ్మట అచటినుండి ఉలుకు లేదు పలుకు లేదు. పటముపై పెసరలంక తెల్లగానే మిగిలిపోయెను.

మరునాటి మధ్యాహ్నమున కొట్టుకొనిపోయిన తమ వలలను వెదకుకొనుచు అటుగా పోయిన జాలరులు బడి డాబాపై ఆ మువ్వురిని చూచి వరదబాధితుల శిబిరమునకు చేర్చిరి. ఆ వార్త కామేశ్వరుని చెవినిబడెను. అయ్యో, ఎంతపని చేసితిని అనుకొనుచు పరుగుపరుగున శిబిరమునకు పోయెను.

అచట నూకరత్నము చాపపై కూర్చుండి అత్త పాదములను రుద్దుచుండెను. రాత్రియెల్ల చలిలో తడిసిన ఆ ముసలియామెకు మాట పడిపోయెను. కామేశ్వరుడు తానెవరో చెప్పి తలవంచుకొని నిలిచెను. తిట్టునేమో శపించునేమో యని యెదురుచూచెను. తిట్టినను బాగుండెడిది!

ఆమె గబాలున లేచి చేతులు జోడించెను.

"క్షమింపుడు బాబుగారూ. చీకటిలో తీసినవి గనుక సరిగా పడలేదు. మీకు మిక్కిలి శ్రమ కలిగించితిమి."

అతనికి తల కొట్టివేసినట్లయ్యెను. తప్పు తనదే యని చెప్పబోయి సిగ్గుతో కుంగిపోయి వైద్యునైన పిలువవలెనని జేబులోని ఫోను తీసెను.

ఫోను కంటబడినంతనే నూకరత్నము బిడ్డను చంకకెత్తుకొనెను. అత్త మోమును మెల్లగ కిటికీవైపు త్రిప్పెను. చెదరిన కొంగు సవరించుకొని వెలుతురు ముగ్గురిపై పడునట్లు కదలక మెదలక నిలిచెను.

"ఇప్పుడు తీయుడు బాబుగారూ. ఈమారు స్పష్టముగా పడును."