రెండు చెంచాల నెత్తురు

ఆపరేషన్ అయిన పద్దెనిమిదో రోజు పొద్దున, మత్స్యలింగం పొట్టకు పెట్టిన గొట్టం తాలూకు సంచిలో అతని భార్య తలుపులమ్మకు నెత్తురు కనిపించింది. మహా అయితే రెండు చెంచాలు ఉంటుంది.

అతను నర్సీపట్నం నుంచి కొయ్యూరు కొండదారిలో ఇరవై రెండేళ్లుగా బస్సు నడుపుతున్న డ్రైవరు. క్లోమగ్రంథిలో క్యాన్సర్ అని తేలాక విశాఖలో ఆపరేషన్ చేయించారు. గడ్డ ఒక పెద్ద సిరకు అంటుకుపోయి ఉంటే, డాక్టర్ సంహిత ఆ సిర ముక్కను కూడా తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టింది. లోపల క్లోమరసం ఇంకా కాస్త కారుతోందని గొట్టం తీయకుండానే ఇంటికి పంపింది.

"ఏటలా సూస్తన్నావు?" అన్నాడు మత్స్యలింగం.

"సంచిలో నెత్తురొచ్చింది."

"గొట్టం రాసుకునుంటది. మళ్లీ రాలేదు కదా. ఆ ఆసుపత్రికి నాను మరి రాను," అంటూ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంటికొచ్చి బీపీ చూసిన కాంపౌండరు కూడా అంతా బాగానే ఉందన్నాడు. తలుపులమ్మకు మనసు నిలవలేదు. సంహితకు ఫోన్ చేసి నెత్తురు సంగతి చెప్పింది.

"ఇప్పుడు ఆగిపోనాదండీ. బీపీ కూడా బాగుందంట."

"ఆగినా సరే, వెంటనే బయలుదేరండమ్మా. లోపల కారే క్లోమరసం పక్కనున్న ధమని గోడను తినేస్తుంది. పెద్దగా పగిలే ముందు ఇలాగే కొంచెం కనిపించి ఆగుతుంది. అంబులెన్స్ పిలవండి."

అంబులెన్స్ గుమ్మం ముందుకొచ్చాక మత్స్యలింగం మండిపడ్డాడు. "నాకు సెప్పకుండా ఎవులు సెయ్యమన్నారు ఫోను?"

"ముందు బండెక్కు. తర్వాత ఎంతైనా తిట్టు."

అనకాపల్లి దాటాక సంచి ఒక్కసారిగా నిండిపోయింది. అతని నుదురు చల్లబడింది. పెళ్లయ్యాక ఎన్నడూ మొగుడి పేరు పలకని తలుపులమ్మ, అతని అరచేయి రుద్దుతూ పేరు పెట్టి కేకలేసింది.

ఆసుపత్రిలో నెత్తురు ఎక్కిస్తూనే, తొడ దగ్గర నాళంలోంచి సన్నని తీగను పైకి పంపారు. కాలేయానికి వెళ్లే ధమని పగిలిన చోట లోపలినుంచే చిన్న తొడుగు అమర్చారు. గంటన్నర తర్వాత సంహిత బయటికొచ్చి, నేలమీద కూర్చున్న తలుపులమ్మ పక్కనే కూలబడింది.

"నెత్తురు ఆగిందమ్మా. కాలేయానికి రక్తం బాగానే వెళ్తోంది."

"బతుకుతాడాండీ?"

"ఈ గండం దాటారు. క్యాన్సర్ సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను. మందులు ఎక్కించినా తిరగబెట్టొచ్చు. మీకు అబద్ధం చెప్పను."

మూడో రోజు మత్స్యలింగం కాస్త తేరుకున్నాడు.

"ఇంకెన్నాళ్లుంటానంది డాక్టరమ్మ?"

ఏదో ఒకటి చెప్పి మరిపిద్దామనుకుంది తలుపులమ్మ. నోరు రాలేదు.

"ఆయమ్మకీ తెల్దంట. తిరగబెట్టొచ్చంట."

 అతను కుట్లు లాగుతున్నా పళ్లు బిగించి మంచం మీద పక్కకు జరిగి, ఆమెకు చోటిచ్చాడు.

"పొద్దుట్నుంచీ ఏటీ తిన్లేదు. కూకో. ముందు నువ్వు తిను."

ఆమె అతని పక్కన కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పింది.