మూడో అంతస్తులో పిలుపు

నూజివీడు బస్టాండు దగ్గర మామిడితోట కొట్టేసి కడుతున్న షాపింగ్ కాంప్లెక్సులో ఇన్నమ్మ స్లాబులు తడిపే పనికి కుదిరింది. ఆ తోటలోనే, కాయలు కోస్తుండగా కొమ్మ విరిగి ఆమె భర్త చిన్నరాయప్ప పోయి చాలా ఏళ్లయింది.

వడగాడ్పు కొడుతున్న ఓ మధ్యాహ్నం మూడో అంతస్తు స్లాబు మీద నీళ్లు పెడుతుంటే, తలపైనుంచి భర్త గొంతు వినిపించింది.

"ఇన్నమ్మా, గోతం పట్టవే, కాయలు జారిపోతున్నాయి!"

పైన తెల్లటి ఎండ తప్ప ఏమీ లేదు. ఆమె చేతిలోని పైపు జారిపోయింది. మెట్ల దగ్గర కొలతలు చూసుకుంటున్న ఇంజనీరు తేజస్వి తలెత్తింది. ఆ అమ్మాయి మొహం పాలిపోయి ఉంది.

"నిన్నెవరు పిలిచారమ్మా? పైన మనవాళ్లెవరూ లేరుగా?"

ఆ పిలుపు తన ఒక్కదానికే వినపడలేదని తెలిశాక ఇన్నమ్మకు భయం పోయి ఏడుపొచ్చింది. చెట్లు కొట్టేశారని పాపం ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

"ఇక్కడ తోట లేదయ్యా," అంది పైకి చూస్తూ. "నువ్వు కోసింది చాల్లే. ఇంటికి పోదాం, దా."

ఆమె మెట్లు దిగుతుంటే వెనకే ఇంకెవరో దిగుతున్న చప్పుడు. తేజస్వి గోడకు ఒదిగి నిలబడి ముందు ఆమెకు, తరవాత ఆయనకు దారి ఇచ్చింది.