నలభై రెండో టేకు

రెండు నిమిషాల పదకొండో సెకను.

ఇంగ్లీషు టీచరు ఇయర్‌ఫోన్లు చెవుల్లోకి ఇంకాస్త నొక్కుకుని, వీడియో వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. సందేహం లేదు. జిప్పు రన్నర్‌ని పట్టుకారుతో పట్టుకున్న పిల్ల చేతులు ఆగిపోయాయి. మాట రాలేదు. అప్పుడు కెమెరా వెనకనుంచి ఎవరో గుసగుసగా, "ప్రెస్ స్లోలీ" అన్నారు. పిల్ల ఆ ముక్క అందుకుని చివరిదాకా గడగడా చెప్పేసింది.

"దొంగ దొరికాడా మేడం?" పక్క బల్ల దగ్గర పేపర్లు దిద్దుతున్న లెక్కల మాస్టారు తలెత్తకుండానే అడిగాడు.

"గొంతు దొరికింది. మనిషి దొరకాలి."

ఇంట్లో జరిగే ఒక పనిని ఇంగ్లీషులో వివరిస్తూ మూడు నిమిషాల వీడియో తీయాలి. కత్తిరింపులు ఉండకూడదు. వెనకనుంచి ఎవరూ మాట అందించకూడదు. ఈ షరతులు పెట్టింది టీచరే. అన్నయ్యల చేత అందించుకున్న ఇద్దరు కుర్రాళ్లకు నిన్న సున్నా వేసి, తన ఎదుట ఒక్కసారి మళ్ళీ తీసే అవకాశం ఇచ్చింది. ఒకడు గట్టెక్కాడు. రెండోవాడు మునిగాడు.

ఈ పిల్లది ఇంకా ఇరకాటం. రాతపరీక్షలో మార్కులు అంతంతమాత్రం. వీడియో మార్కులు రాకపోతే ఇదే తరగతి మళ్ళీ చదవాలి. నాలుగింటికి మార్కుల పట్టిక మూసేస్తారు. గోడ గడియారం మూడూ ఐదు చూపిస్తోంది.

టీచరు పిల్లను వీడియో తీసిన ఫోనుతో సహా రమ్మని కబురు పెట్టింది. తరగతిలో నోరు విప్పదని తోటివాళ్లు ఆ అమ్మాయికి 'మ్యూట్' అని పేరు పెట్టారు. పేరుకు తగ్గట్టే వచ్చి నిలబడింది.

"తీసిందెవరమ్మా?"

"మా అమ్మ, మేడం. బ్యాగులు బాగుచేసే కొట్టు మాది."

"అమ్మకి ఇంగ్లీషు వచ్చా?"

"ఒక్క ముక్క కూడా రాదు మేడం."

టీచరు ఇయర్‌ఫోన్లు పీకేసి ఆ గుసగుస వినిపించింది. "మరి ఇదెవరు?"

పిల్ల ముఖం పాలిపోయింది. "అమ్మే."

"ఇప్పుడేగా రాదన్నావు!"

మాస్టారు పెన్ను పక్కన పెట్టాడు. "అడ్డంగా దొరికిపోయావే, పిచ్చిపిల్లా!"

పిల్ల వాళ్లమ్మ ఫోన్ తెరిచి టీచరు చేతిలో పెట్టింది. వరసగా నలభై ఒక్క వీడియోలు. వాళ్లమ్మ ఒక్కటి కూడా చెరపనివ్వలేదట.

మొదటిదాంట్లో పిల్ల తల లేదు. "ఎర్రచుక్క నొక్కానే, తిరుగుతోందా?" అని వెనకనుంచి ఓ ఆడగొంతు. తొమ్మిదోదాంట్లో, "మళ్ళీ అక్కడే ఆగావే! ఏంటే ఆ మాట, నాక్కూడా చెప్పు," అంది ఆ గొంతు. ఇరవైరెండులో అదే మాట పలకబోయి, నాలుక మెలిపడి పకపకా నవ్వింది. నవ్వుకి చిత్రం అంతా ఊగిపోయింది. ముప్పైనాలుగులో ఎవరూ అడక్కుండానే మొత్తం వాక్యం అప్పజెప్పి, "చూశావా!" అంది. నలభై ఒకటోదాంట్లో కూతురు ఆగింది. తల్లి నోరు ఆగలేదు.

"మార్కులు తీసేయండి మేడం," అంది పిల్ల. తరగతిలో ఇన్ని మాటలు ఎప్పుడూ అనలేదు. "అమ్మకి మాత్రం చెప్పకండి. తనవల్లే పోయాయని తెలిస్తే ఇంకెప్పుడూ ఫోన్ పట్టుకోదు."

టీచరు గడియారం వంక చూసింది. మూడూ ముప్పై ఐదు. నిన్నటి కుర్రాళ్లకు ఇచ్చింది ఈ పిల్లకీ ఇవ్వాలి. అంతకంటే చిటికెడు కూడా ఎక్కువ ఇవ్వకూడదు.

"పట్టుకారు ఉందా?"

"బ్యాగులోనే ఉంటుంది."

టీచరు తన చేతిసంచి బల్లమీద పెట్టింది. రెండు నెలలుగా దాని నోరు పిన్నీసుతోనే మూస్తోంది. "ఇది బాగుచెయ్. ఒకే టేకు. నేను తీస్తాను. అందించను."

ఆ ఫోన్లోనే ఎర్రచుక్క నొక్కింది. పిల్ల మొదలుపెట్టింది. గొంతు సన్నగా ఉన్నా తడబాటు లేదు. పిన్నీసు తీసింది, రన్నర్ వెనక్కి లాగింది, పట్టుకారు ఆనించింది.

ఆగిపోయింది. సరిగ్గా అక్కడే.

ఒక సెకను. రెండు. మూడు. ఆ మాట టీచరు నాలుక చివరికొచ్చి కూర్చుంది. ఒక్క ఊపిరి వదిలితే చాలు, పిల్ల ఒడ్డున పడుతుంది. టీచరు పెదవి కొరుక్కుంది. నోరు తెరవబోయిన మాస్టారిని కళ్లతోనే కూర్చోబెట్టింది. ఐదు. ఆరు.

"నౌ ప్రెస్," అంది పిల్ల. "నాట్ హార్డ్. లైక్ యు హోల్డ్ ఎ బేబీస్ ఫింగర్."

పట్టుకారు మెత్తగా నొక్కింది. జిప్పు సర్రున మూసుకుంది.

నాలుగింటికి ఎనిమిది నిమిషాలుండగా పట్టికలో మార్కులు పడ్డాయి. ఇరవైకి పద్నాలుగు. ఆగినందుకు కోసినవి కోసింది.

పిల్ల గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చింది. "ఇది కూడా అమ్మ ఫోన్లోనే ఉందిగా మేడం. ఎందుకు తీశారంటే ఏం చెప్పను?"

"మేడం సంచి బాగుచేశానని చెప్పు. అబద్ధం కాదుగా."

మర్నాడు తరగతి మొదలవకముందే మ్యూట్ టీచరు బల్ల దగ్గర నిలబడింది.

"అమ్మ చూసింది మేడం."

"ఏమంది?"

"మధ్యలో మీ చెయ్యి వణికిందట." పిల్ల నవ్వు ఆపుకుంది. "ఈసారి తీయడానికి తననే పిలవమంది."