టవలు కింద మాట

నోరు తెరిస్తే నాకు కోపం వస్తుంది, కోపం వెనకే ఏడుపు వస్తుంది. అందుకే ఇంట్లో ఏ ముఖ్యమైన సంగతీ ఇంతవరకు సరిగ్గా చెప్పలేదు. కెనడాలో డెయిరీ చదువు ముగించి, అక్కడే ఉద్యోగం చేసినా ఈ గుణం మారలేదు. అక్కడి చలికి అన్నీ గడ్డకట్టాయి గానీ నా కోపం మాత్రం గడ్డకట్టలేదు.

సెలవు మీద మా ఊరు సోమేనహళ్ళికి వచ్చి వారం కాకముందే ఇంటి హాల్లో పంచాయితీ మొదలైంది. విషయం నా పీఆర్. ఆ దేశంలో శాశ్వతంగా ఉండటానికి ఇచ్చే అనుమతి అది. అక్కడ చదువుకున్నవాళ్ళు కొన్నాళ్ళు పని చేసుకోవడానికి ఇచ్చే పర్మిట్ ఒకటుంది. నాది త్వరలోనే ముగుస్తుంది. ఆలోపు పీఆర్‌కు దారి దొరక్కపోతే పెట్టె సర్దుకోవడమే. వయసుకు, చదువుకు, అనుభవానికి మార్కులు వేసి, పైనున్నవాళ్ళను పిలిచే వరస ఒకటుంది. ప్రతిసారీ నేను వాళ్ళు గీసిన గీతకు కొంచెం కిందే ఆగిపోతున్నాను. ఫ్రెంచి నేర్చుకుంటే ఇంకొన్ని మార్కులు కలుస్తాయన్నారు. ప్రయత్నించాను. తెలుగులో మొదలెట్టి కన్నడలో ముగించే నోరు నాది, అయినా ఆ భాష మాత్రం నాకు లొంగలేదు.

ఇక మిగిలినవి మూడు దారులు.

ఒకటి మా మామ ఆంజనేయప్ప తెచ్చిన సంబంధం. ఆయన అమ్మకు తమ్ముడు, చిక్కబళ్ళాపురలో హార్డ్‌వేర్ అంగడి. అబ్బాయి పేరు యశస్, వాళ్ళ నాయనకు చింతామణిలో టమాటా మండీ. అబ్బాయికి ఇప్పటికే కెనడాలో పీఆర్ ఉంది. పెళ్ళయితే భార్యగా నాకూ తెప్పిస్తాడు. ఫోన్‌లో మాట్లాడాను, మంచివాడు. చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేది, రెండు తిట్లు తిట్టి వదిలించుకునేదాన్ని. కానీ పర్మిట్ ముగుస్తోందని ఒక మనిషిని పెళ్ళి చేసుకోవడానికి నాకు మనసు రాలేదు.

రెండోది, పేరు చెప్పినా ఎవరికీ తెలియని ఒక చిన్న ఊరు. అక్కడి చీజ్ ఫ్యాక్టరీ ల్యాబులో నాకు ఉద్యోగం ఇస్తామన్నారు. అలాంటి ఊళ్ళలో జనం నిలవడం లేదు. అందుకని అక్కడే పని చేస్తూ ఉండిపోతామనేవాళ్ళకు ఆ ఊరివాళ్ళే పీఆర్‌కు సిఫారసు చేసే పద్ధతి పెట్టారు. ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు చూశాను. ఒకే పెద్ద వీధి, ఒకే పెట్రోలు బంకు, మోకాళ్ళదాకా మంచు. కానీ ఫ్యాక్టరీ వెనక కొట్టంలోంచి ఆవుల వాసన వచ్చింది. పెద్ద నగరంలో ఉన్నన్నాళ్ళూ దొరకని నెమ్మది ఆ వాసనలో దొరికింది. నాకు ఆ ఊరు కావాలి. సోమవారంలోగా వాళ్ళకు జవాబివ్వాలి.

మూడోది, అంతా వదిలేసి ఇంటికొచ్చేయడం. చిక్కబళ్ళాపుర డెయిరీల్లో నా చదువుకు పని దొరక్కపోదు.

"సోమేనహళ్ళి నుంచి పోయి ఇంకో సోమేనహళ్ళిలో పడేదానికా అంత చదివిండేది?" అన్నాడు మామ. "అదీ ఆ చలిలో, ఒక్కతే! యశస్‌కు ఏం తక్కువ చెప్పు పాపా? వాళ్ళ నాయన నా మీద నమ్మకంతో అడిగినాడు."

నన్ను చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తేరు చూపించిన మనిషి. ఆయన మొహం చూస్తూ వద్దని ఎలా అనాలి? నోరు తెరిచాను. ముక్కుపుటాలు అదిరాయి. అమ్మ కాఫీ గ్లాసులు పట్టుకొని వస్తూ చూసేసింది.

"ఇంగ మొదలాయె. ఈ బిడ్డ అరుస్తాది, ఆనక ఏడుస్తాది. పనేమో తేలదు" అంది. అమ్మ పేరు అక్కయమ్మ, మొహమాటం ఆమెకు తెలియని రోగం.

"నువ్వేమంటావు బావా?" మామ నాయన వైపు తిరిగాడు.

"నాదేముంది? పాప యాడుంటే సుఖమో ఆడుండనీ. నాకన్నీ ఒకటే" అన్నాడు నాయన. 

నాయన పేరు పాపన్న. మడి దున్నేది ఒక పని అయితే, పశువుల సంతల్లో బేరాలు కుదిర్చేది ఇంకో పని. బాగేపల్లి వైపు సంతలకు చిన్నప్పుడు నన్నూ వెంట తీసుకెళ్ళేవాడు. అక్కడ ఎద్దు ధర ఎవరూ పైకి చెప్పరు. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి టవలు కింద కలుస్తాయి. పట్టుకున్న వేళ్ళను బట్టి ధర. ఒప్పుకోకపోతే ఎదుటివాడు తనకు కావలసినన్ని వేళ్ళు పట్టుకుంటాడు. కుదిరితే అరచెయ్యి నొక్కి వదిలేస్తారు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎవరికీ తెలియదు, కుదరకపోయినా ఎవరి పరువూ పోదు. మొహంలో మాత్రం ఏమీ కనిపించకూడదు. టవలు కింద జరిగింది తర్వాత ఎవరూ అడగరు, చెప్పరు.

నాయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు. భుజం మీది టవలు తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు.

"ఏం చేస్తాండావు బావా?" అన్నాడు మామ.

"బేరం. పాపకు నోటితో చెప్పేది రాదు, నీకు తెలీదా? ఒక వేలు పట్టుకుంటే నీ సంబంధం. రెండు పట్టుకుంటే ఆ చలి ఊరు. మూడు పట్టుకుంటే ఇంటికి. తేలినాంక నేను చెప్తా. ఎవురికి బాధయినా నన్ను తిట్టండి, బిడ్డను కాదు."

అమ్మ కూడా గ్లాసులు కింద పెట్టి నిలబడింది.

టవలు కింద నాయన చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. ఆయన రెండు వేళ్ళు పట్టుకున్నాను.

అంతే. ఒక్క మాట అనలేదు, ఒక్క చుక్క రాలలేదు. ఇన్నాళ్ళూ నోటితో చెప్పలేనిది ఇంత సులువుగా బయటికి వచ్చినందుకు నాకే ఆశ్చర్యమేసింది. అరచెయ్యి నొక్కుతాడని చూస్తున్నాను.

ఆయన నొక్కలేదు. చెయ్యి తిప్పి, నా వేళ్ళు మూడు పట్టుకున్నాడు.

మొహం చూశాను. ఎదురుగా గోడ మీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు, అందులో ఏదో చదువుతున్నట్టే. నాకన్నీ ఒకటే అని నలుగురి ముందు అన్న మనిషి, టవలు కింద ఇంటికి రమ్మంటున్నాడు. సంతలో నేర్పినదంతా గుర్తు తెచ్చుకుని నా మొహం బిగబట్టాను. మళ్ళీ రెండు పట్టుకున్నాను, ఈసారి మెల్లగా.

ఆయన మళ్ళీ మూడు పట్టుకున్నాడు. పట్టులో గట్టితనం లేదు. ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడిగి ఎరగని చెయ్యి అది, అడగడం దానికి చేతకాలేదు. నాయనా, నాకు నువ్వంటే ఎంత ఇష్టమో తెలుసా అని అరవాలనిపించింది. అరవలేదు. రెండు వేళ్ళే పట్టుకుని ఉండిపోయాను.

కాసేపటికి నా అరచేతిని గట్టిగా నొక్కాడు.

"ఆంజనేయప్పా, చింతామణోళ్ళకు నేనే ఫోన్ చేసి చెప్తా. మంచి సంబంధమే, మాకే కుదర్లేదని" అన్నాడు నాయన. "పాప ఆ ఊరికే పోతాది. ఆడ ఆవులుండాయంట."

మామ టక్కున లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. నన్ను చూశాడు. "చలికి మంచి స్వెట్టరన్నా ఉండాదా నీకు?" అన్నాడు చివరికి, కోపంగానే. ఉందని తల ఊపాను.

అమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. నాయన మొహంలోకి వంగి చూసింది.

"ఏమప్పా, సంతలో ఒక దూడకే పొద్దంతా బేరమాడతావే. బిడ్డ అంత దూరం పోతానంటే ఊరికే ఒప్పుకుంటివా?"

"బేరమే ఆడలేదు" అన్నాడు నాయన. "మొదటి మాటకే సరే అంటి."

టవలు కింద నా మూడు వేళ్ళు మళ్ళీ ఆయన చేతిలోకి వచ్చాయి. వదల్లేదు.