కాళ్ల వరకే చాలు

"ఈవిడ కాళ్లు కాస్త పీలగా చెయ్యి. సాయంత్రానికల్లా పంపాలి," అంటూ భర్త భోజనాల బల్ల మీద కంప్యూటర్ తెరిచి పెట్టాడు. ఆమె ఉల్లిపాయలు తరుగుతున్న కత్తి పక్కన పడేసి, చేతులు తుడుచుకుని, తన చక్రాల కుర్చీని బల్ల దగ్గరికి తోసుకుంది.

ఫొటోలు తీయడం ఆయన పని, టచింగ్ ఆమె పని. ఎవరి మొటిమలైనా, ఎవరి ముడతలైనా ఆమె చేతుల మీదుగా మాయం కావలసిందే. స్టూడియో బోర్డు మీద మాత్రం ఆయన పేరొక్కటే ఉంటుంది. "మా ఆవిడ ఇంట్లో ఖాళీయేగా, కాలక్షేపానికి చేస్తుంది," అని వచ్చినవాళ్లతో చెబుతుంటాడు. ఆ కాలక్షేపం అయ్యాక వంట, గిన్నెలు, అత్తగారి మందులు.

తెర మీద ఒక మోడల్, ఏదో కంపెనీ ప్రకటన కోసం చక్రాల కుర్చీలో కూర్చుని నవ్వుతోంది. పక్కనే ‘ధైర్యానికి మారుపేరు’ అని రాసి ఉంది. షూటింగ్ కాగానే లేచి టకటకా నడిచి వెళ్లిపోయి ఉంటుంది మహాతల్లి. ఆమెకు కడుపు మండిపోయింది. ఆ పిల్ల అందం చూసి కాదు, ఆ కుర్చీ చక్రాల మీద పడ్డ వెలుగు చూసి. ఆ మెరుపు కోసం ఆయన నేల మీద బోర్లా పడుకుని మరీ తీసి ఉంటాడు. తన పెళ్లిలో అత్తగారు ఫొటోగ్రాఫర్‌తో ఏమన్నారని! "కుర్చీ పడకుండా తియ్యి బాబూ, నలుగురూ చూసే ఫొటోలు." తనను ఎత్తి సోఫాలో కూర్చోబెట్టి, కుర్చీని బాత్రూంలోకి నెట్టారు. అప్పటినుంచీ భర్త తనను తీసినవన్నీ భుజాల దాకానే. తనకు నడుం కింద ఏముందో ఇంట్లో ఆల్బమ్ చూసినవాళ్లకు తెలియదు. తనదీ అలాంటి కుర్చీయే కదా, ఈ పిల్ల కూర్చోగానే ధైర్యమెలా అయిపోయింది?

"బాగానే ఉన్నాయిగా కాళ్లు," అంది.

"అదే గొడవ. మరీ బాగున్నాయట. నిజంగా నడవలేనివాళ్ల కాళ్లలా ఉండాలంటున్నారు కంపెనీవాళ్లు."

ఎంత సన్నం చేసినా అవి బొమ్మ కాళ్లలాగే వచ్చాయి. చూసి చూసి ఆయన కెమెరా తెచ్చాడు, లైటు నిలబెట్టాడు. "నీ కాళ్లు తీస్తాను, వాటిని ఆవిడకి అతికించెయ్. బట్ట కాస్త పైకి జరుపు. ముఖం అక్కర్లేదు, కాళ్ల వరకే చాలు."

ఆమె జరిపింది. ఇందాక తను చూసి కుళ్లుకున్న ఆ వెలుగు తన పాదాల మీద పడింది. పోనీలే, కాళ్లయినా ఊరంతా చూస్తుందని ఒక్క క్షణం సంబరపడింది కూడా. మరుక్షణం ఆ సంబరం మీదే ఒళ్లు మండుకొచ్చింది. బట్ట కిందికి లాక్కుంది.

"నా కాళ్లు విడిగా దొరకవండీ. ముఖంతో, కుర్చీతో కలిపి తీసి, ఆ ఫొటోనే కంపెనీకి పంపండి. కాదంటే టచింగ్‌కి వేరే మనిషిని చూసుకోండి."

ఆయన నవ్వేయబోయాడు. ఆమె నవ్వలేదు. కాసేపటికి కెమెరా కంటికి ఆనించుకున్నాడు. మనిషీ కుర్చీ రెండూ పట్టడానికి, వీపు గోడకు తగిలేదాకా వెనక్కి జరగాల్సి వచ్చింది.