మరలో పడ్డ నైస్

నేను ఒక ఇంగ్లీషు మాటను. పేరు నైస్. పేరు వినగానే మీ మొహాన చిన్న నవ్వు వచ్చింది కదా? నా పుట్టుపూర్వోత్తరాలు విన్నాక కూడా అది ఉంటుందేమో చూద్దాం.

లాటిన్‌లో మా తాతగారికి ‘ఏమీ తెలియనివాడు’ అని అర్థం. ఫ్రెంచివాళ్ళ ఇంట నేను ‘మూర్ఖుడి’నయ్యాను. సుమారు ఏడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషులో అడుగుపెట్టింది కూడా ఆ అర్థంతోనే. అప్పట్లో ఎవరినైనా నైస్ అన్నారంటే తిట్టినట్టే. తర్వాత సోకులరాయుడికీ, సిగ్గరికీ, ప్రతిదానికీ వంకలు పెట్టేవాడికీ నా పేరే పెట్టారు. వంకలు పెట్టేవాడు వివరంగా చూస్తాడు గనక కొన్నాళ్ళు ‘సునిశితం’ అన్నారు. చివరికి ఓపిక లేక ‘బాగుంది’ అని సరిపెట్టారు. మూర్ఖుణ్ణి మంచివాణ్ణి చేయడానికి దొరలకు ఇన్ని వందల ఏళ్ళు పట్టింది. మీ దగ్గరైతే ఒక్క ఎన్నికల్లో అయిపోయే పని.

ఏ ఓడెక్కి తెలుగుదేశం చేరానో గుర్తు లేదు. మీరు మాత్రం నన్ను ఖాళీగా కూర్చోనివ్వలేదు. పని తప్పించుకుని నైస్‌గా జారుకున్నారు. తీపి కబుర్లు చెప్పి నైస్‌గా బుట్టలో వేసుకున్నారు. పిండి మెత్తగా కావాలంటే నైస్‌గా పట్టమన్నారు. అలా నేను పాలకొల్లులో వీర్రాఘవులు పిండి మరలో స్థిరపడ్డాను.

ఆ మరకు మంగతాయారు ఎప్పుడూ వచ్చే మనిషి. పదకొండేళ్ళు బజారులో ఓ మిఠాయి కొట్టులో సున్నుండలు చుట్టింది. చేతులు ఆవిడవి, పేరు కొట్టుది. చివరికి తెగించి మానేసి, సొంతంగా మొదటి ఆర్డరు తెచ్చుకుంది. ఓ పెళ్ళికూతురి సారె, నూట ఇరవై ఇళ్ళకు పంచాలి. సారె సున్నుండ విరిచి నోట్లో వేసుకుని తీర్పు చెప్పని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. తీర్పు బాగుంటే ఆవిడకు ఓ పేరు, లేకపోతే మళ్ళీ ఆ కొట్టు పొయ్యే గతి.

సున్నుండకు పిండి కాస్త బరకగా ఉండాలి. అందుకే మంగతాయారు తనే వేయించిన మినుముల డబ్బా తెచ్చి, పడుతున్న పిండిని రెండు వేళ్ళ మధ్య నలిపి ‘ఇక చాలు’ అనేది. ఆ రోజు పొయ్యి మీద నెయ్యి కాగుతోందని మొగుడు సత్తిరాజును పంపింది.

“బరకగానా, నైస్‌గానా అండీ?” అన్నాడు వీర్రాఘవులు.

“మా ఆవిడ మొదటి ఆర్డరండి బాబూ. బాగా నైస్‌గా పట్టెయ్యండి, మాట రాకూడదు.”

పాపం, ప్రేమతోనే అన్నాడు. వంటింట్లో మగవాడి ప్రేమ చేసినంత నష్టం పిల్లులు కూడా చేయవు.

డబ్బా మూత తీసి పిండి నలపగానే మంగతాయారు మొహం మాడిపోయింది. అయినా ఆశ చావక పది ఉండలు చుట్టి మొగుడికో ముక్క పెట్టింది. “నైస్‌గా ఉన్నాయే,” అన్నాడు. పక్కింట్లో పెట్టింది, ఎదురింట్లో పెట్టింది. ముద్ద అంగిట్లో అంటుకుపోయి నాలుక తిరగడం లేదు, అయినా అందరూ “నైస్ అండీ” అన్నారు. నిజం చెప్పడానికి మొహమాటం, అబద్ధం చెప్పడానికి నేను.

ఆఖరికి వీధి చివర వరహాలమ్మ గారికి ఇచ్చింది. ఆవిడ ఒక్క కొరుకు కొరికింది, కట్టుడు పళ్ళు ఉండలోనే ఉండిపోయాయి. వాటిని తీసి, కడిగి, మళ్ళీ పెట్టుకుని అంది:

“ఇది సున్నుండ కాదే అమ్మాయ్, గోడలకి పూసే లప్పం.”

మంగతాయారు అక్కడే అరుగు మీద కూర్చుని ఏడ్చింది.

“ఏడుపు తర్వాతేడుద్దువుగాని, సారె ఎప్పుడూ?”

“రేపొద్దున్నేనండీ.”

“అయితే మరి మర కట్టెయ్యకముందే వెళ్ళు. ఇంకాసిని మినుములు వేయించి బరగ్గా పట్టించి, ఆ మెత్తపిండిలో కలిపెయ్.”

వెళ్ళింది. ఈసారి మర దగ్గర తనే నిలబడి, వేళ్ళు కాలుతున్నా నలిపి చూస్తూనే ఉంది. నన్ను అటువైపు రానివ్వలేదు. మర్నాడు సారె వెళ్ళింది. సాయంత్రానికి వియ్యాలవారి వీధి నుంచి కబురు: ఆ సున్నుండలు చుట్టిన మంగతాయారు ఇల్లెక్కడ?

ఇప్పుడు ఆవిడ ప్రతి వాయిలోనూ మొదటి ఉండ మొగుడికే ఇస్తుంది. “నైస్ అనకండి. ఏం తేడా ఉందో చెప్పండి,” అంటుంది. మొన్న సత్తిరాజు నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ నేను నాలుక చివర సిద్ధంగా ఉన్నాను. ఆయన నన్ను మింగేశాడు.

“బెల్లం కొంచెం ఎక్కువైందే,” అన్నాడు.

మంగతాయారు ఆయన వంక చూసి నవ్వింది. నేను పలికిన ఏ రోజూ అలా నవ్వలేదు. బరక పిండితో పాటు గొంతులోంచి గీసుకుంటూ దిగిపోయాను.