మాణిక్యానికి ఒక్క మాట

రాజోలులో రెబెకా టీచరు గారి ఇంటి అరుగు పొద్దెక్కేసరికి నిండిపోతుంది. కూర్చున్నవాళ్లు ట్యూషను పిల్లలు కారు, చుట్టాలూ కారు. ఆవిడ చేతిలో ఉన్న పుస్తకంలోని మనుషులు. రాసినవాడు ఏ పాత్ర విషయంలో తప్పు చేస్తే ఆ పాత్ర వచ్చి అరుగు మీద కూర్చుంటుంది, తప్పు దిద్దగానే లేచి వెళ్లిపోతుంది. కట్టు కట్టించుకోడానికి కాంపౌండరు దగ్గరికి వచ్చినట్టే. వీధిలో ఎవరికీ ఇందులో వింతేమీ లేదు. ఎదురింటి దుర్గాదేవి మాత్రం, "ఈవేళ ఎంతమందండీ టీచరుగారూ, టీ పెట్టేస్తాను" అని గుమ్మంలోంచే అడుగుతుంది.

రిటైరయ్యేక ప్రూఫులు చూడ్డం మొదలెట్టింది రెబెకా. ఆవిడలా చూసేవాళ్లు ఈ గోదావరి పాయల మధ్య లేరంటే లేరు. ఒక నవల్లో మొదట్లోనే చచ్చిపోయిన మామగారు తర్వాత పెళ్లి భోజనాల్లో వడ్డిస్తుంటే ఠక్కున పట్టుకుంది. రాసినాయన స్వయంగా వచ్చి దణ్ణం పెట్టి వెళ్లేడు. ఎంత పట్టుకున్నా సొంత మాట ఒక్కటి చేర్చదు. "ఇల్లు వాళ్లది, నేను బూజు దులిపేదాన్ని" అంటుంది.

ఈసారి వచ్చింది అమలాపురంలో లెక్చరరుగా ఉన్న మేనల్లుడు ప్రవీణ్ కుమార్ పుస్తకం. వాడు రాసింది నవల కాదు, ఆట. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ నడిపిస్తాడు. మిగిలినవాళ్లు తలో వేషం వేసుకుని, నేనిలా చేస్తాను, నేనలా చేస్తానని చెప్పి పాచికలు వేస్తారు. వారాల తరబడి సాగే దెయ్యం కథ, అదీ దొరల కాలం నాటి కోనసీమలో.

దెయ్యం పేరు మాణిక్యం. గువ్వలలంక వెళ్లే రేవులో పెళ్లివారి పడవ తాడు కోసేసి అందర్నీ సముద్రం పాలు చేసిన మనిషి. ప్రవీణ్ కల్పించిందేం కాదిది. ఈ చుట్టుపక్కల పిల్లలందరూ అన్నం ముద్దతో పాటు మింగిన కథే.

ప్రూఫులు విప్పగానే దొరగారి గుమాస్తా కుంటుకుంటూ వచ్చేడు. ఒక అధ్యాయంలో కుడికాలు కుంటి, ఇంకోదాంట్లో ఎడమకాలు. దిద్దింది, వెళ్లేడు. ఒకే ఏడాది రెండు ఊళ్లలో పనిచేసిన మునసబూ వచ్చి వెళ్లేడు. మాణిక్యం మాత్రం కదల్లేదు.

తడి కోకతో, కొడవలి ఒద్దికగా పక్కన పెట్టుకుని అరుగు చివర కూర్చుంది. పాత్రలు తమకి రాసిపెట్టిన మాటలే మాట్లాడగలవు. పుస్తకం మొత్తం మీద మాణిక్యానికి వికటాట్టహాసం తప్ప ఒక్క మాట లేదు. దుర్గాదేవి టీ ఇస్తే, మరేం అనగలదు, ఆ నవ్వే నవ్వింది. చూరు మీద కాకులన్నీ లేచిపోయేయి. పాపం, సిగ్గుపడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

రెబెకా ఆ అధ్యాయం మళ్లీ మళ్లీ చదివింది. కోక రంగు సరిగ్గానే ఉంది, ఊరు సరిగ్గానే ఉంది. ఏం తప్పో చిక్కడం లేదు. ఇంతలో ప్రవీణ్ ఫోను చేసేడు.

"అత్తయ్యా, ప్రెస్సువాళ్లు తొందరపెడుతున్నారు."

"మాణిక్యం ఇంకా కూర్చునే ఉందిరా."

"దెయ్యం కదా అత్తయ్యా, ఊరికే వచ్చుంటుందిలే."

"ఊరికే ఎవరూ రారు. సాయంత్రం ఓసారి ఇటు రా" అని పెట్టేసింది.

మధ్యాహ్నం దాటేక వీరబాబు వచ్చేడు. ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. వీధి చివర రేవులో పడవ నడుపుతాడు. నడుపుతాడనడమే గానీ ఎక్కేవాళ్లేరీ? వాళ్ల తాతమ్మకి తల్లే ఈ మాణిక్యం. వాళ్ల ఇంటిపేరు ఏదైనా ఊరు పిలిచేది 'తాడు కోసినోళ్లు' అనే. పడవ కొత్తది, మనిషి బంగారం, అయినా జనం రేవు దాటించే పాత పంటు మీదే ఇరుక్కుని నిలబడతారు. రెబెకా కూడా అతని పడవ ఏనాడూ ఎక్కలేదు, ఎందుకని తనని తాను అడగనూ లేదు.

"సెలవు తీసుకుందామని వచ్చేనండి టీచరుగారూ. సోమవారం మస్కట్టు విమానం. పడవ మలికిపురం ఆయనకి ఇచ్చేస్తున్నాను."

"నీకు నీళ్లంటే ప్రాణం కదరా వీరబాబూ. అక్కడేం చేస్తావు?"

"లారీ తోల్తానండి, ఇసకలో. నీళ్లు లేని చోటయితే నన్నెవరూ ఏమీ అనరు కదండీ."

రెబెకా ప్రూఫులు పక్కన పెట్టి లేచింది. అతను దణ్ణం పెట్టి వీధిలోకి దిగేసరికి మాణిక్యం లేచి కొడవలి తీసుకుని వెనకాలే నడిచింది. తప్పు దిద్దకుండా ఆ అరుగు దిగిన పాత్ర అంతవరకూ లేదు. రెబెకా ప్రూఫులు చంకలో పెట్టుకుని, చెప్పులేసుకుని తనూ బయల్దేరింది.

రేవులో గోదావరి నిండు పోటు మీద ఉంది. నీళ్లు పైమెట్టు దాకా వచ్చేసేయి. మాణిక్యం మెట్ల మీద నిలబడి కొడవలి కొసతో నీళ్లలోకి చూపించింది. గుర్రపుడెక్క గుబుర్లు గుబుర్లుగా పైకి, ఎగువకి పోతోంది. రెబెకా దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత ప్రూఫు తీసి పైకి చదివింది.

"మధ్యాహ్నం దాటింది. నిండు పోటు. పెళ్లివారు పాదం తడవకుండా పైమెట్టు మీంచే పడవలోకి అడుగుపెట్టేరు. అంతలో మాణిక్యం తాడు కోసింది. పడవ సముద్రంలోకి కొట్టుకుపోయింది." తలెత్తి, "వీరబాబూ, ఇప్పుడు తాడు కోస్తే నీ పడవ ఎటు పోతుంది?" అంది.

"ఎగువకండి. పోటు కదండీ."

"సముద్రం వైపు పోవాలంటే?"

"నీళ్లు వెనక్కి తీసేదాకా ఆగాలండి. దీపాలవేళ అవుద్ది..." అని ఆగిపోయేడు వీరబాబు.

తర్వాతి పేజీలోనే ఉంది. దీపాలవేళకి మాణిక్యం ఊరవతల మునసబు గారి పెరట్లో నలుగురు ఆడవాళ్లతో వడ్లు దంచుతోంది. ఊళ్లో అందరూ అలాగే చెబుతారు, ప్రవీణ్ అలాగే రాసేడు. నీళ్లు తీసే వేళ పెళ్లివారు తామే తాడు విప్పుకుని చీకట్లో బయల్దేరి సముద్రం పాలయ్యేరన్నమాట. ఒడ్డున మధ్యాహ్నం కొడవలితో కనబడింది గనక నేరం మాణిక్యానిదైంది. పోటువేళలు పసిపిల్లలు కూడా చెప్పగల ఊళ్లివి. కథా తెలుసు, నీళ్లూ తెలుసు, రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు. రెబెకాకి సిగ్గేసింది, కోపమూ వచ్చింది.

ప్రవీణ్ బండి మీద రేవుకే వచ్చేడు. అంతా విని మెట్టు మీద కూలబడ్డాడు.

"అయితే నా దెయ్యం పోయినట్టేనా అత్తయ్యా? ఇంక భయం ఎక్కణ్ణించి తేను?"

"ఊరంతా కలిసి చెయ్యని పాపం ఒకదాని నెత్తిన పెట్టేరు. దాని మనవల మనవడు కూడా మోస్తున్నాడు, అడుగో. ఇంతకంటే భయం ఏం కావాలిరా నీకు? ఆడేవాళ్లని అది కనిపెట్టమను."

ప్రవీణ్ ఆవిణ్ణి కళ్లార్పకుండా చూసేడు. చిన్నప్పణ్ణించీ చూస్తున్న మేనత్తే, అయినా ఇంత మనిషని ఇవాళే తెలిసినట్టుంది. ఎర్రకలం అడిగి తీసుకుని, తాడు కోసిన వాక్యం కొట్టేసేడు. అట్టహాసం కూడా కొట్టేసేడు.

"దానికో మాట రాయి" అంది రెబెకా.

"ఏం రాయమంటారు?"

"నేను చేర్చను. దాని మొహం చూసి రాయి."

మాణిక్యం వీరబాబు పడవ వంకే చూస్తోంది. ప్రవీణ్ ఒక ముక్క రాసేడు. మాణిక్యం నోరు విప్పబోతే మళ్లీ ఆ నవ్వేనని రేవులో జనం చెవులు మూసుకున్నారు. తీరా చూస్తే ఆ గొంతు మెత్తగా ఉంది.

"అవతలికి వస్తాను. పడవ తియ్యి నాయనా."

వీరబాబు కళ్లు తుడుచుకుని చెయ్యందించేడు. ఆవిడ పాదం తడవకుండా పైమెట్టు మీంచి పడవలోకి అడుగుపెట్టింది. వెనకే రెబెకా ఎక్కింది. పంటు కోసం నిలబడ్డ చేపలమ్మి మాధురి కాసేపు తటపటాయించి, "టీచరుగారే ఎక్కేరు, నాకేటి" అని తట్టతో సహా ఎక్కేసింది. ఆవిడ వెనక ఇంకెవరో.

అవతలి ఒడ్డు చేరేసరికి మాణిక్యం లేదు. తడి కోకతో ఆవిడ కూర్చున్న చోటు రెబెకా చేత్తో తడిమి చూసింది. పొడిగా ఉంది.

సోమవారం మస్కట్టు విమానం వీరబాబు లేకుండానే వెళ్లింది. ఆ వేళకి అతను రేవులో ఉన్నాడు. పడవలో కాలు పెట్టే చోటు లేదు. ఒడ్డున మిగిలిపోయినవాళ్లకి, "ఆయ్, ఇప్పుడే వచ్చేస్తానండి, కాస్త ఆగండి" అని నచ్చచెబుతున్నాడు.